ఎడమ అంచు

జులై 6, ఆదివారం

ఏమీ లేదు. స్నానం చేస్తుంటే సబ్బు జారింది, పట్టుకోబోతే చెయ్యి అక్కడ తగిలింది. మచ్చ చివర, చంక దగ్గర, కందిబేడంత గట్టిగా ఏదో ఉంది. సెగగడ్డ అయి ఉంటుంది. జాకెట్‌లో పెట్టుకునే దూది సంచి చెమటకు తడిసి రాసుకుంటోంది, దానివల్ల కూడా కావచ్చు.

మళ్లీ తడిమి చూడలేదు.

జులై 7, సోమవారం

చూశాను. ఉంది.

జులై 9, బుధవారం

దీపిక బడి నుంచి వస్తూ ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చింది. మగ్గం దగ్గర నిలబెట్టి పంతులమ్మలా చెప్పింది. "నడుమ నూలు బట్ట మా నాయిన ఏస్తడు. కుడి దిక్కు పట్టు అంచు గూడ నాయినదే. ఎడమ అంచు మా అమ్మది. ఇద్దరు కూసోకుంటె గద్వాల సీర గానే గాదు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను పోగు విసిరే నాడె పట్టుకుని తల వంచుకున్నాను. మూడో తరగతి పిల్ల ముందు కూడా నాకు సిగ్గే.

దీపిక చెప్పింది నిజమే. నూలు పోగు, పట్టు పోగు కలిసే చోట ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి తిరగాలి. దాన్నే కుట్టు అంటాం. అక్కడ పోగును ఎంత లాగాలో వేలికి తెలియాలి. నా ఎడమ చేతి చివరి మూడు వేళ్లకు మూడేళ్లుగా సరిగా తెలియదు. ఆ మందులు ఎక్కించినప్పటి నుంచి అంతే. కంటితో చూసి వేస్తున్నాను. ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఈ మధ్య భుజం కూడా లాగుతోంది. సాయంత్రానికి చెయ్యి బరువెక్కుతోంది.

జులై 13, ఆదివారం

కొత్తకోట నుంచి అమ్మ ఫోన్ చేసింది. "పానం ఎట్లున్నది బిడ్డా" అంది. బాగుందన్నాను. "చెయ్యి?" అంది. బాగుందన్నాను. "గొంతు గట్ల లేదే" అంది. నీళ్లు వస్తున్నాయని చెప్పి పెట్టేశాను. నీళ్లు రాలేదు.

కొత్తకోట అంటే ఇప్పుడు నాకు పుట్టిల్లు గుర్తు రాదు, లారీలు గుర్తొస్తాయి. నన్ను హైదరాబాద్ దవాఖానలో పెట్టిన ఏడాది మగ్గం ఆగిపోయింది. ఎడమ అంచు వేసే మనిషి లేదు. ఆయన కొత్తకోట హైవే మీద లారీలకు బస్తాలు ఎత్తడానికి పోయాడు. అత్తగారి ఊళ్లో, మా అన్న స్నేహితులు టీ తాగుతూ చూస్తుండగా. ఎవరూ ఒక్క మాట అనలేదట. అనకపోవడమే ఎక్కువ బాధ అని ఒకసారి అన్నాడు, మళ్లీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

నేను లేచి తిరిగాక మళ్లీ మగ్గం ఎక్కాడు. మొదటి రోజే పట్టు పోగులు ఆయన అరచేతికి అంటుకుని లేచాయి. బస్తాలకు చేతులు గరుకుతేలాయి. పోగు తెగినప్పుడల్లా చెయ్యి తిప్పి చూసుకునేవాడు, అది ఎవరిదో అన్నట్టు. రోజూ సాయంత్రం కొబ్బరినూనె రాశాను. మెత్తబడటానికి నెలలు పట్టింది.

చెప్తే మగ్గం ఆగుతుంది. ఆయన మళ్లీ హైవే మీదికి పోతాడు.

ఈ చీర శ్రావణంలో పెళ్లికి ఒప్పుకున్నది. ఇది మగ్గం దిగాక చెప్తాను.

జులై 15, మంగళవారం

కందిబేడంతే ఉంది. పెరగలేదు.

జులై 19, శనివారం

దవాఖాన కార్డు మీద తేదీ ఇరవై నాలుగు. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. పొద్దున ఆయనే గుర్తు చేశాడు. నేను క్యాలెండర్ దగ్గరికి పోయి చూశాను. ఆ రోజు అమావాస్య.

ఈ పని నేనే చేశాను. బెండకాయలు తరుగుతూ, ఊరికే అన్నట్టు, "అత్తా, గురువారం అమాస వడ్డది గద" అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. మిగతాదంతా అత్తే అంది.

"అమాస పూట దవాఖాన మెట్లు ఎక్కుతరా? మొదాలు పోయింది గూడ అమాసనాడే. ఏమైందో మర్సిపోయిండ్రా?"

"డాక్టరుకు అమాస ఉంటదా అమ్మా" అన్నాడు ఆయన.

"ఆయనకు లేకుంటె మనకున్నది. మగ్గమే ఆడది ఆ దినం. మనిషి ఊరు దాటుతడా? జర ఆగి పోతే ఏం కొంప మునుగుతది?"

ఆయన నా వైపు తిరిగాడు. "శిల్పా, నువ్వేమంటవ్?"

"అత్త చెప్పినట్టే" అన్నాను.

అన్నాలప్పుడు మంచి కోడలని అత్త నా పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది. తిన్నాను.

జులై 24, గురువారం

అమావాస్య. మగ్గం మీద దుప్పటి కప్పాం. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. అలవాటైన చప్పుడు లేకపోతే లోపలి మాటలు గట్టిగా వినిపిస్తాయి.

మధ్యాహ్నం ఆయన గడపలో కూర్చుని అన్నాడు, "పోయుంటె ఈపాటికి అయిపోయేది."

నేను విననట్టు చేటలో బియ్యం చెరిగాను.

దీపిక నిద్రపోతూ నా ఎడమ వైపు ఒరిగింది. లేపకుండా కుడి వైపుకు మార్చుకున్నాను. ఈ వారంలో ఎన్నిసార్లు మార్చానో.

జులై 26, శనివారం

చీర దిగింది. ఎప్పటిలాగే నేనొక కొస, ఆయనొక కొస పట్టుకుని తలుపు దగ్గర వెలుతురుకు ఎత్తాం. నిమ్మపండు రంగు నూలు, కుంకుమ రంగు పట్టు అంచు. కొంగు బాగుంది. నడుమ బాగుంది. ఆయన కుడి అంచు చూసుకుంటూ వచ్చాడు, గీత గీసినట్టుంది. తర్వాత ఎడమ అంచు.

జానెడు పొడుగున వెలుతురు. బట్టకూ అంచుకూ మధ్య సూదితో పొడిచినట్టు వరసగా చుక్కలు. కొంచెం ఆగి ఇంకోచోట. అక్కడ పోగు పోగును పట్టుకోలేదు.

ఆయన నన్ను చూడలేదు. బట్టను చూస్తూనే ఉన్నాడు. వేలు పెట్టి ఆ చుక్కల మీద మెల్లగా జరిపాడు, పై నుంచి కిందికి, మళ్లీ పైకి. నాకు ఆ వేలు నా ఒంటి మీద జరుగుతున్నట్టు అనిపించి కొస వదిలేశాను. చీర నేల మీద పడింది.

"నిద్ర చాల్తలేదు నాకు" అన్నాను.

"సరే" అన్నాడు. మడత పెట్టాడు.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

జులై 27, ఆదివారం

గోపాలయ్య సేటు ఇంటికే వచ్చాడు. నూలూ పట్టూ ఇచ్చి మాతో నేయించుకునేది ఆయనే. చీర విప్పి వెలుతురుకు పట్టాడు. ఆయనకు నిమిషం పట్టలేదు.

"ఈ దిక్కు ఎవరు ఏసిండ్రు?"

నేను తలుపు వెనక ఉన్నాను. నోరు తెరిచాను కూడా.

"నేనే" అన్నాడు ఆయన. "ఆమెకు పనున్నప్పుడు జరంత నేనే గుంజిన రెండు దిక్కులు."

"ఇరవై ఏండ్ల చెయ్యి నీది. ఏమైంది ఉమేసూ, తాగుతున్నవా?"

"లేదు సేటూ."

"కొత్తకోటల అలవాటైందేమో అనుకున్న. లారీలోళ్ల సావాసం గద. పెండ్లోళ్లకు ఏం జెప్పాలె నేను? అత్తగారు ఎల్తురుకు పట్టి చూడకుంట తీసుకుంటదా ఎక్కడన్న?"

ఆయన నవ్వాడు. తాగుడు మాటకు కూడా నవ్వాడు. సేటు చీర మడిచి మా మీదికే తోసి, పెళ్లివాళ్లకు వేరే ఇంట్లో నేయించిన చీర ఇస్తానని వెళ్లిపోయాడు. ఇంకో చీరకు పడుగు నూలు మాత్రం ఇచ్చాడు. "ఇదన్న మంచిగ దింపు" అన్నాడు.

నేను తలుపు వెనక నుంచి బయటికి రాలేదు. ఆయన నీళ్లు అడిగితే దీపికతో పంపించాను.

చీర దిగాక చెప్తానని రాసుకున్నాను. ఇప్పుడెట్లా చెప్తాను? కొత్తది ఒకటి బాగా దింపితే, అప్పుడు.

ఆగస్టు 1, శుక్రవారం

పక్కింటి గీత చేతుల వైపు చూసింది. "ఏందక్కా, గాజులు ఒక్క చేతికే ఉన్నయ్?"

"పగిలినయ్" అన్నాను.

పగలలేదు. ఎక్కట్లేదు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. దవాఖానలో ఇచ్చిన బిగుతు తొడుగు ఉంది, మోచేతి పై నుంచి వేళ్ల దాకా. అది తొడుక్కుంటే అందరూ అడుగుతారు. పెట్టెలో అడుగున పెట్టాను.

గీత పోయాక అత్త అంది, "కొన్ని దినాలు నీ జాగల గీతను కూసోబెడ్దాం. దాని మగ్గం ఖాళీగనే ఉన్నది. నువ్వు పరేషాన్ గాకు, జర ఒళ్లు ఆనించుకో."

"నా జాగల నేనే కూసుంట" అన్నాను. అట్లా అత్తతో ఎప్పుడూ మాట్లాడలేదు. అత్త చేతిలో పని ఆపి నన్ను చూసింది.

దవాఖాన నుంచి వచ్చాక ఈ ఇంట్లో నాకు తిరిగి దొరికింది ఆ జానెడు చోటు ఒక్కటే. మిగతావన్నీ అందరూ నా కోసం చేసి పెడుతున్నారు.

ఆగస్టు 4, సోమవారం

కుడి చేత్తో ఎడమ మోచేతిని పట్టుకుని వేస్తున్నాను. ఆయన కాళ్ల తొక్కుడు మెల్లగా అయింది. నా కోసం ఆగుతున్నాడా, లేక ఆయనే అలసిపోయాడా? అడగలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. తలస్నానం చేస్తుంటే చెయ్యి పైకి లేవలేదు. చెంబు తల దాకా పోలేదు. రెండుసార్లు ఒలికింది. అత్త చప్పుడు విని తడిక తోసుకుని వచ్చేసింది.

"నేను పోస్త ఉండు."

"వద్దు అత్తా."

"ఆడమనిషినే గద, నాకు లేనివా నీకున్నయి" అంది, ఎప్పుడూ అందరితో అనే మాట. అనేసి నాలిక కరుచుకుంది.

నేను మోకాళ్ల మీద ముడుచుకున్నాను. అత్త నీళ్లు పోసింది, వీపు రుద్దింది. చంక కిందికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

"ఇదేంది శిల్పా?"

"సెగగడ్డ."

"ఎప్పటి సంది?"

అత్త నా ముందుకు వచ్చి కూర్చుంది. మూడేళ్లలో ఆమెను కూడా ఇటు చూడనివ్వలేదు నేను. చూసింది. మొహం తిప్పుకోలేదు.

"అమాసనాడు నేనే ఆపితి" అంది. "నేను ఆపకుంటె పోయొస్తుంటిరి."

అది నేను చేయించిన పని అని చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. ఆమె ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

"కొడుక్కు నేను జెప్పాల్నా, నువ్వు జెప్తవా?"

"ఈ చీర దిగనియ్ అత్తా. నీ కాళ్లు మొక్కుతా. మగ్గం ఆగొద్దు."

సాయంత్రం పూజలో అత్త తోరం నా కుడి చేతికి కట్టింది.

ఆగస్టు 12, మంగళవారం

అత్త నాతో మాట్లాడటం లేదు. కోపం కాదు. మాట్లాడితే నోట్లోంచి వచ్చేస్తుందని.

ఆగస్టు 17, ఆదివారం

శనగ గింజంత ఉంది. మొదటి రోజు కూడా ఇంతే ఉందేమో. నేనే కందిబేడ అనుకున్నానేమో.

దీపిక బొమ్మ గీసింది. మగ్గం, నాయిన, అమ్మ. నాకు రెండు చేతులూ ఒకే లావు గీసింది.

ఆగస్టు 20, బుధవారం

చీర సగం కూడా కాలేదు. నా అంచు మళ్లీ వదులవుతోంది. నాకు కనిపిస్తోంది. ఆయనకు కనిపించడం లేదా?

ఆగస్టు 21, గురువారం

కూర్చుని మెల్లగా రాసుకుంటాను. లేకపోతే రేపటికి వేరేగా గుర్తుంటుంది.

పొద్దున నాడె నా చేతిలోంచి జారి మగ్గం కింద కాళ్ల గుంటలో పడింది. వంగి అందుకోబోయాను, చెయ్యి సాగలేదు. ఆయన దిగి తీసి నా ఒళ్లో పెట్టాడు. కానీ తన చోటికి ఎక్కలేదు. గుంటలోనే నిలబడ్డాడు, తల నా మోకాళ్ల దగ్గర.

"ఎల్లుండి అమాస" అన్నాడు. "మగ్గం ఆడదు. పట్నం పోదాం."

"చీర అయినంక..."

"చీర గట్లనే ఉండనియ్."

అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నువ్వే చెప్పావా అన్నట్టు ఆమె వైపు చూశాను.

"అమ్మ ఏం జెప్పలే" అన్నాడు. "నాకు ముందే ఎర్క."

"ఏం ఎర్క?"

"సీర ఎల్తురుకు పట్టినం గద. గప్పుడు. మొదటిసారి గూడ నీ అంచు గట్లనే వదులైంది, నాకు గుర్తున్నది. గప్పుడు ఇద్దరికీ తెల్వక నిన్ను తిట్టిన. గీసారి తెల్సింది. నువ్వు దీపికను ఆ పక్క పండనిస్తలేవు. తొడుగు పెట్టె అడుగుకు పోయింది. అన్నీ చూస్తున్న."

నాకు కోపం వచ్చింది. భయం రావాల్సిన చోట కోపం వచ్చింది. నెలన్నరగా నేనొక్కదాన్నే మోస్తున్నానని అనుకున్నాను.

"చూసి ఎందుకు అడగలే?"

ఆయన నా ఒళ్లోని నాడెలో, పోగు చుట్టిన కండెను వేలితో తిప్పాడు.

"అడిగితే నువ్వు చెప్తవు గద" అన్నాడు.

మేమిద్దరం ఆనుకుని కూర్చుని, ఒకే బట్ట మీద, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియనట్టు నేశాం. చీర అయిపోనీ, చీర అయిపోనీ అని నేను. ఆయన కూడా అదే అనుకున్నాడట.

అత్త అంది, "పోయి రాండ్రి. మగ్గం ఆడని దినమే గద మీకు పురసత్తు దొరికేది."

"అత్తా, పోయిన అమాస సంగతి నేనే కావాలని..."

"ఎర్కే. బెండకాయ కోస్కుంట అమాస ఎంచినోళ్లను నేను ఎక్కడ సూడలే" అంది. అప్పుడు గాని నాకు ఏడుపు రాలేదు.

ఆగస్టు 23, శనివారం

తెల్లవారుజామున బస్సు ఎక్కాం. కొత్తకోట దగ్గర బస్సు ఆగినప్పుడు లారీలు వరసగా ఉన్నాయి. ఆయన కిటికీ వైపు కూర్చున్నాడు, బయటికి చూడలేదు.

దవాఖానలో జనం. గదిలో చిన్న డాక్టరమ్మ, పక్కన ఒక నర్సు, తలుపు తెరిచే ఉంది, అవతల వరసలో మగవాళ్లు కూడా ఉన్నారు.

"ఏం బాధమ్మా?"

"గడ్డ."

"ఎక్కడ?"

"అక్కడ" అన్నాను.

"అక్కడంటే? చెయ్యా, వీపా, మెడా?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. మూడేళ్ల కింద ఇదే దవాఖానలో అన్నీ ఆయనే చెప్పాడు, నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి చెప్పలేదు.

"రొమ్ము తీసిన చోట" అన్నాను. "ఎడమ రొమ్ము. మచ్చ చివర, చంక దగ్గర."

అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. వరసలో ఒకాయన తల వంచుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం, "ఆ, అట్లా చెప్పాలి" అని చేతులు కడుక్కోవడానికి లేచింది.

రొమ్ము. ఇక్కడ కూడా రాశాను.

సూది పెట్టి తీశారు. ఫలితం సోమవారం కాక ఆపై సోమవారం అన్నారు.

"ఎన్నాళ్లైంది చూసుకుని?" అని అడిగింది డాక్టరమ్మ. నెలన్నర అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు, రాసుకుంది.

ఆగస్టు 24, ఆదివారం

మగ్గం మీద దుప్పటి అట్లాగే ఉంది.

ఆగస్టు 25, సోమవారం

ఈ రోజు కూడా తీయలేదు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఉండ్రాళ్లు చేశాను, దీపిక కోసం. రెండింట్లో ఉప్పు వేశాను.

ఆగస్టు 28, గురువారం

దీపిక అడిగింది, "అమ్మా, నువ్వు మళ్ల పట్నంల ఉంటవా? నాకు జడ ఎవరు ఏస్తరు?"

"నాయినమ్మ."

"నాయినమ్మ వంకర ఏస్తది."

ఆయన లేచి బయటికి పోయాడు. తర్వాత వచ్చి దీపికను కూర్చోబెట్టి జడ వేయడం నేర్చుకున్నాడు. నేర్పించింది నేనే. మూడు పాయలు ఎట్లా పట్టుకోవాలో చెప్తుంటే పాయలు ఆయన చేతుల్లోంచి జారిపోయాయి. ఇరవై ఏళ్లుగా పోగులు పట్టిన చేతులు.

నేను లేని ఇంటికి ఆయన తయారవుతున్నాడు. నేను కూడా సాయం చేస్తున్నాను.

ఆగస్టు 30, శనివారం

అది కాకూడదని దేవుడికి మొక్కలేదు. పోయినసారి మొక్కాను. మల్దకల్ తిమ్మప్పకు తలనీలాలు ఇస్తానన్నాను, మొక్కు తీర్చేలోపే మందులకు జుట్టంతా ఊడింది. ఇప్పుడు ఏం ఇస్తాననాలో తెలియక ఊరుకున్నాను.

ఆగస్టు 31, ఆదివారం

రేపు.

సెప్టెంబర్ 1, సోమవారం

అది కాదు.

కొవ్వు గట్టిపడిందట. ఆపరేషన్ అయిన చోట అట్లా అవుతుందట ఒక్కోసారి. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆయన మూడోసారి చెప్పమన్నాడు. ఆమె నవ్వి మళ్లీ చెప్పింది.

సంతోషం వస్తుందనుకున్నాను. బెంచీ మీదే కూర్చుండిపోయాను, అంతే. ఈసారి కాదు. ఆరు నెలలకు మళ్లీ రావాలి, మళ్లీ ఈ బెంచీ.

ఆ తర్వాత చేతికి వ్యాయామం నేర్పే అమ్మాయి చెయ్యి కొలిచి మొహం చిట్లించింది. తొడుగు ఎందుకు వేసుకోవడం లేదని తిట్టింది. ఏం పని చేస్తావు అంది. మగ్గం అన్నాను. ఆమెకు తెలియలేదు. గాల్లో చూపించాను, ఎడమ చెయ్యి బారుగా చాపి, నాడె విసిరి, మళ్లీ చాపి. రోజుకు ఎన్నిసార్లు అంది. లెక్కపెట్టే పని కాదది అన్నాను.

"అది మానెయ్యాలమ్మా. ఆ చెయ్యి అట్లా విసిరితే వాపు తగ్గదు, ఇంకా పెరుగుతుంది."

బస్సులో ఆయన నా పక్కన కూర్చుని రెండు అరచేతులూ మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. కొత్తకోట వచ్చేసరికి ఈసారి కిటికీలోంచి బయటికి చూశాడు. లారీల వైపు. ఏమి చూస్తున్నాడో నాకు తెలుసు. మంచి కబురుతో ఇంటికి పోతున్నాం.

సెప్టెంబర్ 2, మంగళవారం

అత్త ఇంటింటికీ బెల్లం పంచింది. గీత వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నేను కూసుంటనక్కా నీ జాగల, నువ్వు జూసుకుంట చెప్పు" అంది. మంచి మనసుతోనే అంది.

సెప్టెంబర్ 3, బుధవారం

రాత్రంతా ఆలోచించాను. కుడి చెయ్యి బాగానే ఉంది కదా.

సెప్టెంబర్ 4, గురువారం

పొద్దున మగ్గం మీద దుప్పటి నేనే తీశాను. తొడుగు వేసుకుని వచ్చి, ఆయన చోట్లో కూర్చున్నాను. కుడి పక్క.

ఆయన పళ్లు తోముకుంటూ వచ్చి చూశాడు. "అది నా జాగ."

"నేను ఈ పక్క కూసుంట. నువ్వు ఆ పక్క కూసో. నడుమ బట్ట, ఎడమ అంచు నువ్వు ఏయి. కుడి అంచు కుడి చేత్తో నేను ఏస్త."

"ఆ పక్క కూసోని తొక్కుడు ఎట్ల తొక్కాలె?"

"తొక్కుడు చెక్కలు ఇటు జరుపు."

"ఇరవై ఏండ్ల సంది గీ పక్కనే నా చెయ్యి. ఆ పక్కకు తిరుగది."

"నాకు ఒక పక్కే లేదు" అన్నాను. "నేను బతుకుతలేనా? నువ్వు జర పక్క మారలేవా?"

నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వంటింట్లో అత్త గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు దగ్గింది. తర్వాత అర్థమైంది, నవ్వుతోంది.

ఆయన నురగ ఉమ్మేసి వచ్చి గుంటలోకి దిగి, చెక్కల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఆయనకు రావడం లేదు. చిన్నపిల్లాడిలా నాలిక బయటపెట్టి వేస్తున్నాడు. రోజుకు జానెడు కూడా దిగడం లేదు. రెండుసార్లు నాడె విసిరికొట్టాడు. ఒకసారి, "మల్ల లారీలకు పోవుడే నయముండె" అన్నాడు. నేను లేచి పోలేదు. కొంచెంసేపటికి తనే నాడె వెతుక్కుని తెచ్చుకున్నాడు.

నా కుడి వేళ్లకు పోగు బిగువు తెలుస్తోంది. మూడేళ్లయింది అట్లా తెలిసి.

చెయ్యి వాపు కొంచెం తగ్గింది. గాజులు ఇంకా ఎక్కవు.

సెప్టెంబర్ 20, శనివారం

చీర దింపాం. తలుపు దగ్గర వెలుతురుకు ఎత్తాం.

మొదటి భాగం పాత పని, ఎడమ అంచులో నావి వదులు కుట్లు. అక్కడి నుంచి కుడి అంచు నాది. ఒక్క చుక్క లేదు. మళ్లీ మళ్లీ చూశాను. ఎడమ అంచు ఆయనది, ఇంతింత దూరంలో వెలుతురు కారుతోంది.

"ఈ దిక్కు ఎవరు ఏసిండ్రు?" అన్నాను, సేటు గొంతుతో.

ఆయన వేలితో ఒక చుక్కను మూశాడు.

"ఏమైంది ఉమేసూ, తాగుతున్నవా?"

పెళ్లయిన పదేళ్లలో ఆయన పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. దీపిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన నన్ను చూసి, చీరను చూసి, గోడకు ఆనుకుని కూలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. చీర కొస నేను వదలలేదు.

సేటు దీన్ని కూడా తీసుకోడు. పాతదాన్ని గీత అడిగింది, ఇచ్చేశాను. దీన్ని నేను ఉంచుకుంటాను. తర్వాతిది కొంచెం బాగుంటుంది.

రేపు అమావాస్య. ఎంగిలిపూల బతుకమ్మ. మగ్గం ఆడదు. పూలు తెచ్చే ముందు స్నానం చేసేటప్పుడు తడిక వేసుకుని, చెయ్యి పెట్టి నిదానంగా చూసుకోవాలి, అటూ ఇటూ, చంకలో కూడా. నెలకోసారి చూసుకోమన్నారు. అమావాస్య అయితే నాకు గుర్తుంటుంది.